మార్లవాయికి తిరిగి వచ్చిన పెద్దమనిషి – హైమన్‌డార్ఫ్



మన సంఘ ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని కార్యవర్గం వారు కోరినప్పుడు ముందుగా కొమురం భీము పేరే మనసులో మెదిలింది. కానీ ఆ వీరుని కథ మన మనవలు, మనవరాళ్లు పాఠ్యపుస్తకాల్లోనే చదువుకుంటున్నారు. అందుకని, ఆ వీరుడు నేలకొరిగిన తరువాత, అసలు అలా ఎందుకు జరిగిందని ఊరూరా తిరిగి అడిగిన మనిషి గురించి రాయాలనిపించింది. ఆయన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. పుట్టింది ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో. పేరు నిలిచింది ఆదిలాబాద్ అడవుల్లో.

హుస్నాబాద్‌లో ఉంటున్న మనకు ఈయనతో ఏమి సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో సర్వీసు చేసిన మనలో ఎంతోమందికి ఏదో ఒక రోజు గోదావరి అవతలికి బదిలీ ఆర్డరు వచ్చింది. రాయపట్నం వంతెన దాటి, లక్సెట్టిపేట మీదుగా జన్నారం చేరి, ఆ టేకు అడవుల మధ్య ఉట్నూరు బస్సులో కూర్చున్నప్పుడు ఇంటి మీద బెంగ పడని వారు లేరు. ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష అనుకునే రోజులవి. ఎప్పుడు వెనక్కి వస్తామా అని రోజులు లెక్కపెట్టుకున్నవారే ఎక్కువ. హైమన్‌డార్ఫ్ కూడా తన ఇష్టప్రకారం ఇక్కడికి వచ్చినవారు కాదు. ఆయనదీ ఒక విధంగా నిర్బంధపు పోస్టింగే. అయితే ఆయన ఆ పోస్టింగును ఏమి చేసుకున్నారన్నదే ఈ కథ.

వియన్నా నుంచి హైదరాబాదుకు

హైమన్‌డార్ఫ్ 1909లో ఒక కులీన కుటుంబంలో జన్మించారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి డాక్టరేటు పొందారు. తరువాత లండన్‌లో ఆ రోజుల్లో పేరు మోసిన ఆచార్యుడు మాలినోవ్‌స్కీ తరగతులకు హాజరయ్యారు. 1936లో భారతదేశం వచ్చి నాగా కొండల్లో కొన్యాక్ నాగాల మధ్య సుమారు ఏడాది పాటు గడిపారు. 1938లో బెట్టి ఎలిజబెత్ అనే ఆంగ్ల వనితను వివాహమాడారు. నాటి నుంచి ఆమె ఆయనకు ఇల్లాలు మాత్రమే కాదు, గుడారంలోనూ, కాలినడకలోనూ, పుస్తక రచనలోనూ తోడు.

1939లో దంపతులు మళ్లీ భారతదేశం చేరేసరికి రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకున్నది గనుక హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. ఆ కారణంగా ఆంగ్ల ప్రభుత్వ లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. అయినా ఆయనను ఎరిగిన అధికారులు జైలు క్యాంపులో పెట్టక, నిజాం రాజ్యం ఎల్లలు దాటరాదనే షరతుతో హైదరాబాదు సంస్థానంలో ఉండనిచ్చారు. మరొకరైతే నగరంలో ఇల్లు తీసుకుని యుద్ధం ముగిసేదాకా కాలక్షేపం చేసేవారు. ఆయన మాత్రం సంస్థానంలోని అడవుల దారి పట్టారు.

1940లో ముందుగా నల్లమల అడవుల్లో, అమ్రాబాద్ ప్రాంతపు చెంచుల దగ్గరికి వెళ్లారు. దుంపలు, పండ్లు, తేనె సేకరించుకుని బతికే ఆ జనం తమ సొంత అడవిలోనే అటవీ సిబ్బందికి వెట్టి చేయవలసి వస్తున్న సంగతి చూశారు. ఆ తరువాత గోదావరి పాపికొండల దగ్గరి కొండరెడ్ల మధ్యకు చేరారు. అక్కడ కలప వ్యాపారుల అప్పు కింద కొండరెడ్లు ఎలా నలిగిపోతున్నారో గమనించారు. చెంచుల గురించి ఆయన ప్రభుత్వానికి సిఫారసులు పంపగా, 1942లో అమ్రాబాద్ అడవిలో సుమారు 1,00,000 ఎకరాల మేర చెంచుల కోసం ప్రత్యేక ప్రాంతం ఏర్పాటైంది. ఆ అడవిలో చెంచులు యథేచ్ఛగా తిరిగి తమ తిండి తాము సంపాదించుకోవచ్చునని ప్రభుత్వం ఒప్పుకున్నది.

భీము ఎందుకు తుపాకీ పట్టాడు?

ఇక మన ఉత్తర తెలంగాణకు వద్దాము. 1940లో ఆసిఫాబాద్ కొండల్లో, జోడేఘాట్ దగ్గర, కొమురం భీము, అతని అనుచరులు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయారు. బాబేఝరి చుట్టుపక్కల గోండులు, కోలాములు కొట్టుకున్న పోడును అటవీ శాఖవారు ఖాళీ చేయించబోవడం, గుడిసెలు తగులబెట్టడం, అర్జీలు పెట్టుకున్నా వినిపించుకోకపోవడం ఆ తిరుగుబాటుకు దారి తీశాయి. తిరుగుబాటు అణిగిన తరువాత, ఇది మళ్లీ జరగకుండా ఏమి చేయాలన్న ప్రశ్న నిజాం ప్రభుత్వానికి ఎదురైంది. ఆ పరిస్థితుల్లో గోండుల స్థితిగతులను అధ్యయనం చేసే పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు.

1941లో ఆయన, బెట్టి కలిసి మార్లవాయి గ్రామానికి వచ్చారు. ఇప్పుడది జైనూరు మండలంలో ఉన్నది. దంపతులు అక్కడే గుడిసె వేసుకుని ఉన్నారు. గోండీ భాష నేర్చుకున్నారు. దండారీ ఆటలు చూశారు, ప్రధానుల నోట పూర్వుల కథలు విన్నారు, పెళ్లిళ్లకూ చావులకూ వెళ్లారు. వెంట జవానునీ పట్వారీనీ పెట్టుకుని ఊరి బయట డేరా వేసి విచారణ జరపడం నాటి అధికారుల పద్ధతి. ఈయన ఊరి లోపల ఉండి విచారించారు. ఆ తేడా వల్లనే కచేరీ కాగితాల్లో కనిపించని సంగతులు ఆయనకు కనిపించాయి.

వాటిలో ముఖ్యమైనది ఒకటి రెవెన్యూలో పనిచేసిన మన మిత్రులకు బాగా అర్థమవుతుంది. కొండ మీది ఎర్రనేలల్లో గోండులు కొన్నేళ్లు జొన్న, సామ వంటి పంటలు వేసి, సారం తగ్గగానే ఆ నేలను కొన్నేళ్లు బీడు పెట్టేవారు. ఈలోగా మరో చెలక దున్నుకునేవారు. బీడు పెట్టిన నేల కూడా వారి లెక్కలో వారిదే. తాతలనాటి నుంచీ అది అంతే. అయితే సర్వే వారు, అటవీ శాఖ వారు గట్లు పెట్టడానికి వచ్చిన ఏట ఆ నేలలో పంట లేదు. పంట లేదు గనుక అది ఖాళీ జాగా అని రాసుకున్నారు. అలా కొంత భూమి రిజర్వు అడవిలో కలిసిపోయింది. కొంత భూమిని, 1920లలో వేసిన రైలు మార్గం వెంటా కొత్త రోడ్ల వెంటా వచ్చిన బయటివారు తమ పేర పట్టా చేయించుకున్నారు. పట్టా అంటే ఏమిటో, దరఖాస్తు ఎవరికి పెట్టాలో తెలియని గోండు రైతు శివాయ్ జమాబందీ కింద ఏటా శిస్తు కడుతూ, భూమి తనదేననే నమ్మకంతో ఉండిపోయాడు. ఒకనాడు గార్డు వచ్చి ఇది సర్కారీ అడవి అన్నాడు. మరొకనాడు సావుకారు వచ్చి ఇది నా పట్టా భూమి అన్నాడు.

అంటే గోండుల భూమిని ఎవరూ ఎదురుగా నిలబడి లాక్కోలేదు. దొరగారి ఎదుట ఒక గీత గీశారు, రిజిస్టరులో ఒక మాట రాశారు. గీత గీసే ముందు ఊరిలో ఎవరినీ అడగలేదు. తిరుగుబాటుకు మూలం అక్కడ ఉన్నదని హైమన్‌డార్ఫ్ ప్రభుత్వానికి నివేదించారు. ఒక సర్కారు తన లోపాన్ని తానే అచ్చు వేయించుకున్న సందర్భాలు అరుదు. కానీ ఆయన ఇచ్చిన నాలుగు నివేదికలను నిజాం ప్రభుత్వపు రెవెన్యూ శాఖ 1945లో పుస్తకంగా ప్రచురించింది.

పట్టా చేతికి వచ్చిన కాలం

నివేదిక రాసి చేతులు దులుపుకుంటే ఆయనను ఇంతగా తలచుకోవలసిన పని లేదు. నాడు రెవెన్యూ, పోలీసు శాఖలు చూసే గ్రిగ్సన్ అనే ఆంగ్ల అధికారి అంతకు ముందు బస్తర్ మాడియా గోండుల మీద పుస్తకం రాసినవారు. ఆయన అండతో పనులు మొదలయ్యాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. గోండీ భాషలో వాచకాలు తయారు చేయించారు. గోండు పిల్లవాడికి గోండు పంతులు, వాడి ఇంటి భాషలోనే మొదటి పాఠం. అక్కడ తయారైన యువకులు టీచర్లుగానే కాక, అర్జీ రాయగలిగినవారుగా, పట్టా చదవగలిగినవారుగా తమ ఊళ్లకు తిరిగి వెళ్లారు.

గిరిజనుల పని కోసం జిల్లాలో ప్రత్యేక అధికారులను నియమించారు. వారిలో సేతుమాధవరావు పగిడి ఒకరు. హైదరాబాదు సివిల్ సర్వీసుకు చెందిన ఈయన గోండీ నేర్చుకుని, ఆదిలాబాద్ గోండుల మీద స్వయంగా పుస్తకం రాశారు. తరువాత మరాఠీలో గొప్ప చరిత్రకారుడిగా పేరు పొందారు. హైమన్‌డార్ఫ్ సలహా ఇచ్చినా, ఊరూరా తిరిగి కొలత వేయించి, కాగితం రాయించి, రైతు చేతికి అందేలా చూసినవారు ఇటువంటి అధికారులు, వారి కింది గిర్దావర్లు, గుమాస్తాలు. ఇది మనం గర్వంగా గుర్తుంచుకోవలసిన సంగతి.

మన తెలంగాణలో ఇప్పటికీ వాడుకలో ఉన్న లావుణి పట్టా అన్న మాట ఆ కాలంలో గోండులకు వరమైంది. ప్రత్యేక లావుణి నియమాల కింద, వేలం పాట లేకుండా, ఖరీదు లేకుండా గిరిజనులకు భూమి పట్టా చేశారు. అవసరమైన చోట్ల రిజర్వు అడవి గీతను వెనక్కి జరిపించారు. 1949 చివరికి ఆదిలాబాద్ జిల్లాలో 11,000 మందికి పైగా గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరాలు ఈ విధంగా దక్కాయి. 1946లో, అంటే 1356 ఫసలీలో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1949లో దాని కింద నియమాలు వచ్చాయి. నోటిఫై చేసిన గ్రామాల్లో గిరిజనుల తగవులు తీర్చడానికి వారి పెద్దలతో పంచాయతీలు ఏర్పాటు చేయడానికి, వారి భూమి ఇతరుల పాలు కాకుండా చూడడానికి అవి ఉద్దేశించినవి.

కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు జరిపే ఆనవాయితీ కూడా 1940లలో హైమన్‌డార్ఫ్ వల్ల మొదలైందే. ఏటా పుష్య మాసపు అమావాస్యకు మెస్రం వంశీయులు పూజలు చేసే ఆ జాతరకు వేలాది గోండులు వస్తారు. అర్జీ పట్టుకుని కచేరీ చుట్టూ తిరగలేని జనం దగ్గరికి కచేరీయే రావాలన్నది ఆ ఏర్పాటులోని ఆలోచన. జిల్లా అధికారులు నేల మీద కూర్చున్న జనం ఎదుట నిలబడి ఫిర్యాదులు వినే ఆ ఆనవాయితీ నేటికీ ఉన్నది. మనలో ఏజెన్సీలో పనిచేసినవారు ఆ దర్బారులో డ్యూటీ చేసే ఉంటారు.

ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వపు సలహాదారు. భీము మీద తుపాకీ ఎక్కుపెట్టింది కూడా ఆ ప్రభుత్వమే. మరో తిరుగుబాటు రాకుండా చల్లార్చడానికే ఈ మేళ్లన్నీ చేశారని విమర్శించేవారున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. భీము ప్రాణం ఇవ్వకపోతే హైమన్‌డార్ఫ్‌ను ఎవరూ మార్లవాయికి పంపి ఉండేవారు కాదు. ఆ పట్టాల మీద సంతకం అధికారులదే అయినా, వాటి వెల ముందుగానే చెల్లించినవాడు భీము.

పదవీ విరమణ తరువాత

1945 నుంచి 1949 వరకు ఆయన హైదరాబాదు ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు. 1948లో పోలీసు చర్య జరిగి సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949లో ఆయన లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కేంద్రంలో చేరి, ఆచార్యుడై, మానవశాస్త్ర విభాగాన్ని పాతికేళ్లు నడిపారు. నేపాల్‌లో షెర్పాల మధ్య పనిచేసి ప్రపంచమంతటా పేరు పొందారు. 1976లో పదవీ విరమణ చేశారు.

పింఛనుదారులమైన మనకు ఈ తరువాతి భాగమే ముఖ్యం. రిటైరయిన ఏడాది నుంచే ఆ దంపతులు మళ్లీ ఆదిలాబాద్ గోండు గ్రామాల బాట పట్టారు. ముప్ఫై ఏళ్ల కిందట తాము చేయించిన పని ఏమైందో చూడడానికి వచ్చారు. మనలో ఎవరికైనా ఎప్పుడో మంజూరు చేయించిన బావిలో నీళ్లున్నాయా, కట్టించిన బడిలో పిల్లలున్నారా అని వెళ్లి చూసే ధైర్యం ఉన్నదా? ఆయనకు ఉన్నది.

ఆయనకు కనిపించినది సంతోషించదగినది కాదు. ఉట్నూరు ప్రాంతానికి రోడ్లు పడ్డాయి, బయటి నుంచి జనం పెద్ద ఎత్తున వచ్చి స్థిరపడ్డారు. గోండుల మంచి నల్లరేగడి భూములు అప్పుల కింద, కౌలు కింద, నోటి మాట ఒప్పందాల కింద చేజారిపోయాయి. గిరిజనుల భూమి ఇతరులకు బదిలీ కాకుండా 1959లో చేసిన రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో మనందరికీ తెలిసిన వన్ ఆఫ్ సెవెంటీ వచ్చి దాన్ని మరింత గట్టిపరచింది. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనడం చెల్లదని చట్టం స్పష్టంగా చెప్పింది. చట్టం పటిష్ఠంగానే ఉన్నది, భూమి మాత్రం నిలవలేదు. పట్టా ఒక పేర, సాగు ఒకరిది. అడవిలో చూస్తే, ప్రజల అవసరాలకు పనికివచ్చే చెట్లు కొట్టివేసి వాణిజ్య తోటలు పెంచే పద్ధతి వచ్చింది.

ఆయన ఈ సంగతులన్నీ 1982లో వెలువడిన పుస్తకంలో రాశారు. భారతదేశపు గిరిజనులు బతుకు కోసం చేస్తున్న పెనుగులాటే ఆ గ్రంథ విషయం. తాను చేయించిన మంచి పని నిలవలేదని ఒప్పుకోవడానికి ఆయన వెనుకాడలేదు. ఆ పుస్తకం రావడానికి ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూమి సమస్యల మీద సభకు వచ్చిన గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. జోడేఘాట్ జరిగిన 41 ఏళ్లకు ఆ కొండల్లోనే మళ్లీ రక్తం చిందింది.

1987 జనవరిలో బెట్టి ఎలిజబెత్ హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయికి తెచ్చి గోండుల మధ్యనే ఖననం చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండన్‌లో మరణించారు. తరువాతి కాలంలో ఆయన అస్థికలను కూడా తెచ్చి మార్లవాయిలో భార్య సమాధి పక్కనే ఉంచారు. ప్రతి జనవరిలో అక్కడి గిరిజనులు ఆ దంపతుల వర్ధంతి జరుపుకుంటారు. నిర్బంధంలో వచ్చిన మనిషి చివరికి ఇష్టంగా అక్కడే ఉండిపోయారు.

ఆయన తరువాత అడవి పాలన

ఆయన బతికి ఉండగానే అడవి పాలనలో కొత్త గాలి మొదలైంది. అడవి అంటే ప్రభుత్వ ఆదాయ వనరు అనే దృష్టి మారి, అడవి మీద ఆధారపడిన జనం అవసరాలకు మొదటి స్థానం ఇవ్వాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. 1990లలో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు వచ్చాయి. ఊరివారు అడవిని కాపాడితే ఫలసాయంలో వాటా వారికిస్తామన్నారు. గార్డు ఊరివారిని పట్టుకోవడం కాకుండా, గార్డూ ఊరివారూ ఒకే చాప మీద కూర్చోవడం అప్పుడు మొదలైంది. కొన్ని చోట్ల బాగా నడిచింది. కొన్ని చోట్ల సమితి పేరుతో పోడు భూములు ఖాళీ చేయించారనే ఆరోపణలూ వచ్చాయి. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు అధికారం ఇచ్చింది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదని తీర్పు చెప్పింది.

అన్నిటికంటె పెద్ద మార్పు 2006 అటవీ హక్కుల చట్టం. గిరిజనులకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని పార్లమెంటే ఆ చట్టంలో ఒప్పుకున్నది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అటవీ భూమి సాగు చేసుకుంటున్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్లకు మించకుండా హక్కు పత్రం ఇవ్వాలి. భార్యాభర్తలిద్దరి పేర ఇవ్వాలి. ఆ భూమి పిల్లలకు వస్తుంది గాని అమ్మడానికి వీల్లేదు. గిరిజనేతరులైతే మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసం చూపించాలి. దరఖాస్తు మొదట చేరవలసింది గ్రామసభకు, ఆ తరువాత డివిజను, జిల్లా స్థాయి కమిటీలకు. విడి కుటుంబాలకే కాక, ఊరు మొత్తానికీ తన అడవి మీద సామూహిక హక్కు ఉంటుంది. బీడు పెట్టిన నేల గురించి ఊరివారిని అడగకుండా గీత గీసిన తప్పును ఈ చట్టం అరవై ఏళ్ల తరువాత తిరగరాసింది. ఊరే మొదటి సాక్షి అని చెప్పింది.

తెలంగాణ రాష్ట్రంలో 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లోనే పోడు పట్టాల పంపిణీ ప్రారంభించారు. సుమారు 1,51,000 మందికి 4,06,000 ఎకరాలు ఇస్తున్నట్టు నాడు ప్రభుత్వం ప్రకటించింది. భీము పేరే పెట్టుకున్న జిల్లాలో ఆ పంపిణీ మొదలుకావడం విశేషం.

అయితే అడవికి మరో హక్కుదారు కూడా ఉన్నది. అది పులి. 2012లో కవ్వాల్ అభయారణ్యం పులుల సంరక్షణ కేంద్రమైంది. మహారాష్ట్రలోని తడోబా నుంచి పులులు కాగజ్‌నగర్ అడవుల మీదుగా ఇటు వస్తున్నాయి. వాటి దారి కోసం 2025లో ప్రభుత్వం ఆసిఫాబాద్ జిల్లా అడవుల్లో కొంత భాగాన్ని కొమురం భీము పేరుతోనే సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ 49వ నంబరు జీవో ఇచ్చింది. తమను అడగలేదని ఆదివాసీ గ్రామాలు అభ్యంతరం చెప్పి బందు పాటించగా, ఆ ఏడాదే ఆ జీవోను నిలుపుదల చేశారు. పులికి దారి కావలసిందే, అందులో సందేహం లేదు. కానీ గీత గీసే ముందు ఊరిని అడగాలన్న 1940ల పాఠం ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదని ఆ సంఘటన తెలిపింది.

ఇందులో అటవీ సిబ్బంది కష్టం కూడా మరువరాదు. 2019లో ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన రేంజి అధికారిణి మీద దాడి జరిగింది. 2022లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజి అధికారి ప్రాణమే కోల్పోయారు. పైవారు గీసిన గీతకు కింది ఉద్యోగి కాపలా కాయాలి, ఆ గీత మీద దెబ్బ తినేది కూడా ఆ ఉద్యోగే. ఊరిని అడగని పాలన వల్ల గిరిజనుడికీ నష్టమే, గార్డుకూ నష్టమే. మన సంఘంలో అటవీ శాఖ నుంచి రిటైరయిన మిత్రులకు ఇది నేను చెప్పవలసిన పని లేదు.

మనం నేర్చుకోవలసినది

హైమన్‌డార్ఫ్ జీవితం నుంచి నాకు తోచిన మాట ఒకటి చెప్పి ముగిస్తాను. 1940లలో చట్టం బలహీనం, కానీ దాని వెంట నడిచే మనుషులు ఉన్నారు. అందుకే లక్షన్నర ఎకరాలు పేదల చేతికి వెళ్లాయి. 1970లలో చట్టం బలమైనది, కానీ దాని వెంట నడిచే మనుషులు తగ్గారు. అందుకే ఆ భూమి జారిపోయింది. నేడు మరింత మంచి చట్టం ఉన్నది. అది నిలుస్తుందా లేదా అన్నది గ్రామసభ జరిగిన రోజు రిజిస్టరు రాసే కార్యదర్శి మీద, కొలత వేసే సర్వేయరు మీద, హద్దు చూపించే బీటు అధికారి మీద, అర్జీ చదివి వినిపించే పంతులు మీద ఆధారపడి ఉంటుంది. ఆ కుర్చీల్లో ఇప్పుడు మన పిల్లలు, మనవలు కూర్చుంటున్నారు. ఏజెన్సీకి బదిలీ వచ్చిందని వారు దిగులుపడితే, మార్లవాయికి శత్రుదేశస్థుడిగా వచ్చి ఆప్తుడైన ఈ పెద్దమనిషి కథ వారికి చెప్పండి.

మన కోసం కూడా ఒక మనవి. గోదావరి అవతల పనిచేసిన సభ్యులు తమ కాలంలో చూసిన పట్టాలు, పంచాయతీలు, అటవీ హద్దుల వివాదాల గురించి తమకు గుర్తున్నంత వరకు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. మనం పోయిన తరువాత మన ఫైళ్లు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ హద్దు ఎక్కడ ఉన్నదో, అక్కడ దున్నినది ఎవరో తెలిసిన మనిషి మాత్రం ఉండడు. వీలుంటే ఒక జనవరిలో నలుగురం కలిసి మార్లవాయి వెళ్లి, ఆ రెండు సమాధుల వద్ద పూలుంచి, దారిలో మనం పనిచేసిన ఊళ్లలో దిగి, మన పని ఏమైందో ఒక్కసారి చూసి వద్దాము.